చేతితో నేర్చు చదువు

విద్య యనగా పుస్తకపఠనము మాత్రమే యని మనలో చాలమంది తలంతుము. చేసి నేర్చుకొను విద్య అంతకు తక్కువది కాదని వీణను చూచిన మనకు తెలియును.

బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనివారు కుండను, దండిని ఒకే పనస మ్రానునుండి తొలిచి వీణ చేయుదురు. అందు మిక్కిలి కష్టమైనది మేళము కట్టుట. దండికి ఇరువైపుల మైనపు గట్లు పెట్టి, వానిపై 24 మెట్లు నిలుపవలెను. ఇందుకు కొలబద్ద ఒక్కటే చాలదు. తీగ మీటి, చెవితో విని, మెట్టును సరిచేయవలెను. వెంట్రుకవాసి జరిగినను స్వరము చెడును. కనుక ఈ పనివానికి ఉలి పట్టు నేర్పుతోపాటు స్వరజ్ఞానమును కావలెను.

ఆ ప్రాంతముననే, విజయనగరమున, 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. అచ్చట వయొలిన్ ఆచార్యులుగా నుండిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1936లో అధ్యక్షులైరి. గాత్రము, వీణ, వయొలిన్, మృదంగము మున్నగునవి నేటికిని అచ్చట నేర్పుచున్నారు. గురువు ఎదుట కూర్చుండి, విన్నదానిని వ్రేళ్ళతో పలికించుటయే అచ్చటి పాఠము.

వాయించువారు తగ్గినచో చేయువారికి పని యుండదు. చేయువారు తగ్గినచో వాయించువారికి వీణ యుండదు. ఈ నేర్పు గ్రంథములలో నిలుచునది కాదు. ఒక చేతినుండి మరియొక చేతికి అందవలసినదే. ఒక్క తరము నేర్వకున్న అంతటితో ఆగిపోవును.

కావున చేతిపనియందు గాని, పాటయందు గాని ఆసక్తిగల పిల్లలను చదువు రానివారని చిన్నబుచ్చక, ఆ విద్యలలో ప్రవేశపెట్టుదము. అదియు చదువే.