గోడ లొంగితే దెబ్బ తగ్గుతుంది: పీట్ రైజర్ గాయాల వెనుక భౌతికశాస్త్రం

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు దూరంగా, మైదానం చివర కాపు కాసే ఆటగాణ్ని ఔట్‌ఫీల్డర్ అంటారు. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడే ఫీల్డర్ లాంటివాడే. కాకపోతే క్రికెట్‌లో హద్దు ఒక తాడు, అక్కడ గోడ.

బ్రూక్లిన్ డాడ్జర్స్ ఔట్‌ఫీల్డర్ పీట్ రైజర్ 1941లో, 22 ఏళ్లకే, 0.343 సగటుతో నేషనల్ లీగ్ బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది జులై 19న సెయింట్ లూయిస్‌లో, తల మీదుగా పోతున్న బంతి కోసం వెనక్కి పరుగెత్తాడు. బంతి గ్లోవ్‌లో పడింది. ఆ వెంటనే కాంక్రీటు గోడ తగిలింది. బంతి జారిపోయింది, తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. అయినా కొద్ది రోజులకే మళ్లీ ఆటలోకి దిగాడు. ఆ సీజన్‌ను 0.310 సగటుతో ముగించాడు.

ఆ దెబ్బ ఎంత గట్టిదో ఉజ్జాయింపుగా లెక్క వేయవచ్చు. పరుగు వేగం సెకనుకు 8 మీటర్లు అనుకుందాం. వేగం వర్గాన్ని, ఆగడానికి పట్టిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే సగటు ఋణత్వరణం వస్తుంది. కాంక్రీటు లొంగదు. తల 1 సెంటీమీటరులోనే ఆగిందనుకుంటే, అది గురుత్వ త్వరణానికి 320 రెట్లు దాటుతుంది. గోడకు మెత్తటి పొర ఉండి 10 సెంటీమీటర్లలో ఆగితే దాదాపు 33 రెట్లే. మనిషి అతడే, వేగం అదే. మారింది ఆగే దూరం ఒక్కటే. బైక్ హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర నలిగిపోతూ చేసే పని కూడా ఇదే.

అయితే పుర్రె ఆగినా లోపలి మెదడు జడత్వం వల్ల ఇంకా కదులుతుంది. అది కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే ముప్పు పెరుగుతుంది. అమెరికా మేజర్ లీగ్ 2011లో ఈ తరహా గాయాలకు ప్రత్యేకంగా 7 రోజుల జాబితా తెచ్చింది. రైజర్ కాలంలో అలాంటిదేమీ లేదు. సైన్యంలో ఉండగా భుజం దెబ్బతింది, తర్వాత చీలమండ విరిగింది. 1947లో సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్ గోడనే ఢీకొన్నాడు. 1952లో, 33 ఏళ్లకు, ఆట ముగిసింది.

గోడ ముందు గడ్డి లేని మట్టి పట్టీని 1949లో తప్పనిసరి చేశారు. కళ్లు బంతి మీదే ఉన్నా, కాలి కింద నేల మారగానే గోడ దగ్గరైందని తెలుస్తుంది. పట్టీ వెడల్పు 4.5 మీటర్లు అయితే, అదే వేగంతో పరుగెత్తేవాడికి అర సెకను పైచిలుకు సమయం దొరుకుతుంది. తేరుకోవడానికే అందులో 0.2 సెకన్లు పోతాయి. మిగిలినది చేయి అడ్డం పెట్టడానికో, భుజం తిప్పడానికో సరిపోతుంది.

ఎబెట్స్ ఫీల్డ్ గోడలకు డాడ్జర్స్ 1948లో మెత్తలు బిగించింది. ఆ ఏడాది డిసెంబరులోనే రైజర్‌ను బోస్టన్ బ్రేవ్స్‌కు ఇచ్చేసింది.