నల్లంచి యింటిపేరు

కర్నూలు, కడప ప్రాంతములలో బండలు పేర్చిన గోడగాని, పాడువడిన బావిగట్టుగాని యున్నచోట నెల్ల నొక చిన్న నల్లని పిట్ట మన కంటబడును. అది నేలమీద రెండుమూడు గెంతులు గెంతి నిలిచి, తోకను నిక్కించి, పురుగును పొడుచుకొని మరల గోడ యెక్కును. మగదాని మేను నీలిమెరుపు గల నలుపు. రెక్క మొదట తెల్లని మచ్చ. తోక క్రింద ఇటుకవన్నె ఈకలు. తోక తరచుగా నిక్కియుండుటచేతనే యా యిటుకవన్నె మనకు కనబడుచున్నది. ఆడదానికి నలుపు లేదు. మేనంతయు మట్టిరంగు, తోక క్రింద మాత్ర మదే ఇటుకవన్నె. గోడసందులలో గూడు కట్టును. ఆ గూటిలో గడ్డి, వెండ్రుకలతోపాటు ఒక్కొక్కప్పుడు పాముకుబుసపు తునకలును కనబడును. ఈ పిట్టపేరు నల్లంచి.

మా విద్యార్థులు పాఠశాల చుట్టునున్న పక్షుల పట్టిక నొకటి వ్రాసి తెచ్చిరి. అందు నల్లంచి యొక వరుసలోను, "మట్టిరంగు పిట్ట" వేరొక వరుసలోను ఉండెను. ఆ మట్టిరంగు పిట్ట నల్లంచి పెంటియే. అది చాలక, కాలువ యావల కంపచెట్టు కొనమీద కూర్చుండు మరియొక నలుపు తెలుపుల పిట్టనుకూడ నల్లంచి లెక్కలోనే వేసిరి. ఒక్కదానిని రెండు చేసిరి. రెండింటిని ఒక్కటి చేసిరి. మేము నవ్వితిమి గాని, గ్రంథములు తిరుగవేయగా నవ్వుటకు మాకు హక్కు లేదని తేలినది. ఈ పిట్ట విషయమున మహాపండితులుకూడ రెండువందల యేబది యేండ్లు తడబడిరి.

స్వీడను దేశస్థుడగు లిన్నేయసు ప్రతి ప్రాణికిని రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని నెలకొల్పెను. జంతువుల విషయమున నా పద్ధతికి 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదియవ కూర్పు మొదలని యెంచుదురు. తెలుగువారి కీ పద్ధతిని బోధించుట సులభము. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. శాస్త్రజ్ఞులును అట్లే ముందు ప్రజాతి పేరును, వెనుక జాతి పేరును వ్రాయుదురు. ఒకే యింటిపేరు గలవి యొకే మూలపురుషుని సంతానమని భావము. పెక్కు ఇండ్లు కలిసి యొక కుటుంబము. కావున పిట్ట కేపేరు పెట్టినను సరిపోదు. ఇంటిపేరు తప్పినచో బంధుత్వమే తప్పినట్లు.

మన నల్లంచికి ఎన్ని యిండ్లు మారినవో చూడుడు. 1766లో లిన్నేయసు దీనికి మోటసిల్లా ఫులికాటా యని పేరిడెను. మోటసిల్లా యనునది నీటియొడ్డున తోక నాడించుచు తిరుగు పిట్టల యింటిపేరు. పైగా ఇది ఫిలిప్పీను దీవుల పక్షి యని వ్రాసెను. ఆ దీవులలో నల్లంచియే లేదు! ఆయన బ్రిస్సన్ అను ఫ్రెంచి పండితుని వర్ణనను నమ్మెను. పుదుచ్చేరియే దీని స్థలమని తరువాతివారు దిద్దిరి. పిమ్మట జెర్డన్ గ్రంథములో ఇది థామ్నోబియా అయినది; ఆ మాటకు పొదలలో బ్రతుకునదని యర్థము. లెస్సన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కల్పించిన సాక్సికొలాయిడీస్ అను పేరు చిరకాలము నిలిచినది. దాని కర్థము సాక్సికోలా వంటిది యని. సాక్సికోలా యనగా రాళ్లలో నివసించునది. అనగా నా యింటిలో నిది యొక్కటియే కాపురముండెను, బంధువులు లేరు.

దీనికంటె పెద్దదియు, తెల్లని కడుపు గలదియు, వేసవి తెల్లవారుజామున చెట్టుకొనమీద నిలిచి మధురముగా పాడునదియు నగు పిట్ట మన తోటలలో గలదు. బంగ్లాదేశమునకు జాతీయపక్షి యిదియే. మద్రాసు కోటలో వైద్యుడుగానున్న బక్లీ దీనిని "సౌలరి" యను పేరుతో ఇంగ్లాండునకు పంపెను. ఆ పేరే సౌలారిస్ అయి నేటికిని నిలిచియున్నది. లిన్నేయసు 1758లో దీనిని గోరువంకల యింట చేర్చెను. 1827లో వాగ్లర్ అను జర్మను పండితుడు కాప్సికస్ అను క్రొత్త యింటిపేరు పెట్టెను.

ఇంగ్లీషు పేర్లును సహాయపడలేదు. ఇంగ్లాండునుండి వచ్చిన దొరలు తమ తోటలలోని రాబిన్‌ను తలచుకొని నల్లంచికి ఇండియన్ రాబిన్ అని పేరిడిరి. దాని యెరుపు రొమ్మున, దీని యెరుపు తోక క్రింద! అమెరికాకు పోయినవారును ఎర్రరొమ్ము గల యొక థ్రష్ పక్షికి అదే పేరు పెట్టుకొనిరి. ఇంటికి దూరమైనవారి బెంగ అర్థము చేసికొనదగినదే. కాని బెంగచేత వర్గీకరణము సాగదు.

శాస్త్రజ్ఞులు చిరకాలము ఈ పిట్టలన్నిటిని థ్రష్‌ల కుటుంబమున నుంచిరి. నేలమీద గెంతుట, కొంత పొడవైన కాళ్లు, పెక్కింటి పిల్లలకు మేన చుక్కలుండుట వారికి గుర్తులు. అయితే ఈగలను పట్టు ఫ్లైక్యాచర్ పక్షుల పిల్లలకును అట్టి చుక్కలే కలవు. ఒకే తీరు బ్రతుకు బ్రతుకువారికి ఒకే తీరు అవయవము లేర్పడవచ్చును. కావున మేని పోలికమాత్రముచే చుట్టరికము తేల్చుట కష్టము.

ఇప్పుడు శాస్త్రజ్ఞు లవలంబించు మార్గమును మా విద్యార్థులకు తాళపత్రముల దృష్టాంతముచే చెప్పితిమి. బ్రౌను దొరగారు కడపలో నున్నప్పుడు పండితులను చేర్చి, ఒకే కావ్యముయొక్క పెక్కు ప్రతులను సరిచూపించిన సంగతి మనవా రెరుగుదురు. లేఖకు డొకడు ఒక అక్షరము తప్పినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పే వచ్చును. ఒకే తప్పులు గల ప్రతులు ఒకే తల్లిప్రతి బిడ్డలు. ప్రాణుల కణములలోని డి.ఎన్.ఏ. యును అట్టి ప్రతియే. దానిలో నాలుగే యక్షరములు. తరతరమున నకలగునప్పు డక్కడక్కడ నొక యక్షరము మారును. ఆ మార్పు సంతానమునకు సంక్రమించును. వేర్వేరు పక్షులలో నదే భాగమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నెవరి కెవరు దగ్గరయో తెలియును.

1990లో సిబ్లీ, ఆల్‌క్విస్టు అనువారు డి.ఎన్.ఏ. పోలికనుబట్టి ఈ పిట్టలను థ్రష్‌లనుండి తీసి ఫ్లైక్యాచర్‌ల కుటుంబమున చేర్చిరి. 2010లో సాంగ్‌స్టర్ మున్నగువారును, వేరుగా జుకాన్, ఎరిక్సన్ అనువారును అక్షరములనే చదివి, ఆ కుటుంబములోని యిండ్ల నింకను స్పష్టపరచిరి. ఇట్టి పరిశీలనల ఫలితముగా సాక్సికొలాయిడీస్ అను ఒంటరి యిల్లు మూతపడినది. నల్లంచి తోటలోని యా పెద్దపిట్టకును, తూర్పు కనుమల అడవులలో పొడవైన తోకతో తిరుగు షామా పిట్టకును దగ్గరి చుట్టము. నేడు పెక్కు జాబితాలలో నీ మూడింటికి ఇంటిపేరు కాప్సికస్.

ఇక మాకు మిక్కిలి యాశ్చర్యము గలిగించిన విషయము. జెర్డన్ నెల్లూరిలో వైద్యుడుగా పనిచేసినవాడు. మన కడప సీమ కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే యున్నది. పక్షులకు స్థానికులు పెట్టిన పేర్లను ఆయన శ్రద్ధతో సేకరించి, 1862 మొదలు 1864 వరకు వెలువడిన తన గ్రంథమున ఇంగ్లీషు లిపిలో వ్రాసిపెట్టెను. అందు మన పిట్టకు తెలుగున నల్లంచి. తోటలో పాడుదానికి పెద్దనల్లంచి. షామాకు పొదనల్లంచి, తోకనల్లంచి. ఇంటిపేరు మూడింటికి నొకటియే! పండితు లొకదానిని గోరువంకలలోను, ఒకదానిని వేరొకచోటను వేసి, అక్షరములు చదివిన పిదప నొక్కచోటికి తెచ్చిన మూడు పిట్టలను, వలలు పన్ని పిట్టలు పట్టు మనవారు ఏ పుస్తకమును లేకయే యొక్క పేరున పిలిచియుండిరి. ఈ పేర్లు నేడు మా తరగతిలో నొక్కరికైన తెలియవు. నల్లంచి యను మాటను సైతము ఇద్దరే యెరిగియుండిరి. రాబిన్ అని మాత్ర మందరును చెప్పగలరు. ఈ విషయమై మాకు చింత కలుగకపోలేదు.

అయితే నిజము దాచరాదు. జెర్డన్ పట్టికలో కంపనల్లంచి యను నాలుగవ పేరును గలదు. మా విద్యార్థులు నల్లంచి లెక్కలో వేసిన కంపచెట్టు పిట్ట యిదియే. ఇక్కడ మనవారు పొరబడిరి. దీని యిల్లు సాక్సికోలా. ఇదియు నదే కుటుంబములోనిదే గాని శాఖ వేరు. నల్లంచి దీనికంటె ఈగపట్టు పిట్టలకే దగ్గర. గుర్తించుట కష్టము గాదు. కంపనల్లంచి మగదానికి నడుము వెనుకను, తోక క్రిందను తెలుపు; ఇటుకవన్నె లేదు. తోకను వీపుపైకి నిక్కించి తిరుగదు. చేని గట్టున కంపకొనమీద కూర్చుండి నేలపైని పురుగుమీదికి దుమికి మరల కొనకే వచ్చును.

నల్లంచిలోనే మరియొక భేదమున్నది. ఉత్తరదేశపు మగనల్లంచికి వీపు గోధుమవన్నె. మన దక్షిణమున నలుపు. నడిమి దక్కనులో రెండింటికి నడుమ రంగు గలది యున్నదని, 1932లో విస్లర్, కినియర్ అనువారు తూర్పు కనుమల పక్షులపై జరిగిన పరిశోధనమును వ్రాయుచు దానికి ఉపజాతి పేరిడిరి. ఎండాకాలపు సెలవులకు కృష్ణ దాటి ఉత్తరమునకు పోవు విద్యార్థులు అచ్చటి మగపిట్ట వీపును చూచి వ్రాసికొని రావలయునని కోరితిమి. తెల్లని భుజమచ్చను చూచి మోసపోరాదు; వీపునే చూడవలెను.

పట్టికను దిద్దితిమి. మట్టిరంగు పిట్ట వరుస కొట్టివేసి, నల్లంచి కెదురుగా "ఆడది, మగది" అని వ్రాయించితిమి. దాని క్రింద పెద్దనల్లంచి. కంపనల్లంచికి పేరు మార్పలేదు. ప్రక్కన "ఇంటిపేరు వేరు" అని యెర్రసిరాతో గుర్తు పెట్టితిమి. పొదనల్లంచి వరుస ఖాళీగానే యున్నది.