సిద్ధేంద్ర: ఒక అరుదైన పేరు



ఈసారి గోడపత్రికకు నేను ఒక పేరు గురించి రాస్తున్నాను. ఆ పేరు సిద్ధేంద్ర. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో కూచిపూడి అనే ఊరుంది. కూచిపూడి నాట్యం పుట్టింది అక్కడే. ఆ ఊళ్లో సిద్ధేంద్ర పేరు తెలియనివాళ్లు ఉండరు. అయినా పిల్లలకు ఈ పేరు చాలా అరుదుగా పెడతారు. దీని అర్థం ఏమిటి, ఎలా పుట్టింది, ఎందుకు ఎక్కువమందికి లేదు అన్నది ఈ వ్యాసంలో చెబుతాను.

ఈ పేరే ఎందుకు ఎంచుకున్నానంటే, మా అక్కకు ఈమధ్య కూచిపూడి దగ్గర బాబు పుట్టాడు. మా బావ ఆ పక్కనే రైస్ మిల్లులో పనిచేస్తాడు. "ఈ గడ్డ మీద పుట్టాడు, సిద్ధేంద్ర అని పెట్టండి" అని ఇంటి పక్కవాళ్లు చెప్పారంట. బాబు పుట్టింది శుక్రవారం కాబట్టి మా అమ్మమ్మ సుక్రు అని పిలుస్తోంది. "నువ్వు చదువుకుంటున్నావు కదరా, ఏది బాగుంటదో చెప్పు" అని అక్క నన్నడిగింది. తెలియకుండా ఎలా చెప్పడం? అందుకని మాస్టార్లను అడిగి, లైబ్రరీలో చూసి ఇవన్నీ తెలుసుకున్నాను.

1. పేరుకు అర్థం

సిద్ధ + ఇంద్ర = సిద్ధేంద్ర. ఇది గుణసంధి. అకారానికి ఇ, ఉ, ఋ లు పరమైతే క్రమంగా ఏ, ఓ, అర్ లు వస్తాయని మనం చదువుకున్నాం. రాజేంద్ర, మహేంద్ర, నరేంద్ర, సురేంద్ర అన్నీ ఇలా వచ్చినవే.

సిద్ధ అంటే పూర్తయినది, నెరవేరినది. మెస్సులో "భోజనం సిద్ధం" అంటామే, ఆ మాటకూ దీనికీ మూలం ఒకటే. సాధన చేసి అనుకున్నది పొందినవాణ్ణి సిద్ధుడు అంటారు. ఇక ఇంద్ర అనే మాట పదం చివర వస్తే శ్రేష్ఠుడు అని అర్థం. గజేంద్రుడు అంటే ఏనుగుల్లో శ్రేష్ఠుడు. మృగేంద్రుడు అంటే మృగాల్లో శ్రేష్ఠుడు, సింహం. అలాగే సిద్ధేంద్రుడు అంటే సిద్ధుల్లో శ్రేష్ఠుడు.

బుద్ధుడి మొదటి పేరు సిద్ధార్థుడు కూడా ఈ కుటుంబంలోదే. సిద్ధ + అర్థ, ఇది సవర్ణదీర్ఘ సంధి. కోరిన ప్రయోజనం నెరవేరినవాడు అని అర్థం.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 'ద' కింద 'ధ' వత్తు రావాలి. చాలామంది 'ద' కింద 'ద' వత్తే ఇచ్చి 'సిద్దేంద్ర' అని రాస్తారు, అది తప్పు.

2. పేరు పుట్టుక

ఈ పేరుతో ప్రసిద్ధుడైనవాడు సిద్ధేంద్ర యోగి. ఆయన 17వ శతాబ్దం వాడని ఎక్కువమంది పండితులు చెబుతారు. ఆయన గురించి పెద్దలు చెప్పుకునే కథ ఇది. ఆయన అసలు పేరు సిద్ధప్ప. తల్లిదండ్రులు లేని పిల్లవాడు. ఉడిపి వెళ్లి అక్కడి మఠంలో చదువుకున్నాడు. చిన్నప్పుడే పెళ్లయింది. పెద్దయ్యాక అత్తగారి ఊరికి బయల్దేరి కృష్ణానది దాటుతుంటే వరద ముంచుకొచ్చింది. ప్రాణం దక్కితే సన్యాసం తీసుకుంటానని మొక్కుకున్నాడు. ఒడ్డుకు చేరాడు. మొక్కు తీర్చుకుని సిద్ధేంద్ర యోగి అయ్యాడు.

ఆయన రాసింది భామాకలాపం. ఇందులో ముఖ్యపాత్ర సత్యభామ. ఆమె తెర మీద నుంచి పొడవాటి జడ వేసి, తానెవరో తానే గొప్పగా చెప్పుకుంటూ ప్రవేశిస్తుంది. కానీ చెలికత్తె మాధవి "నీ భర్త పేరేమిటి" అని అడిగితే మాత్రం చెప్పడానికి సిగ్గుపడుతుంది. మన ఊళ్లలో కూడా ముసలమ్మలు మొగుడి పేరు నోటితో చెప్పరు కదా! కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని చెబుతారు. తర్వాత గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా (పాలించింది 1672–1687) వాళ్ల ప్రదర్శన చూసి మెచ్చుకుని కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడంటారు.

ఈ కథలో నాకు ముఖ్యం అనిపించింది ఒకటుంది. సిద్ధేంద్ర అనేది ఉయ్యాలలో పెట్టిన పేరు కాదు, పెద్దయ్యాక వచ్చిన పేరు. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. మంత్రాలయం రాఘవేంద్ర స్వామికి సన్యాసం తీసుకోకముందు పేరు వెంకటనాథుడు. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వకు చెందిన పదకర్త క్షేత్రయ్య అసలు పేరు వరదయ్య అంటారు. క్షేత్రాలన్నీ తిరిగాడు కాబట్టి క్షేత్రయ్య అయ్యాడు.

3. పేరు వాడుక

కూచిపూడిలో నాట్యం నేర్పే కళాపీఠానికి సిద్ధేంద్ర యోగి పేరు ఉంది. కానీ ఆ ఊరి గొప్ప కళాకారుల పేర్లు చూడండి: వెంపటి చినసత్యం (1929–2012), వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012), వేదాంతం రాఘవయ్య, చింతా వెంకటరామయ్య. వీరిలో ఎవరికీ సిద్ధేంద్ర అనే పేరు లేదు. మన హాజరుపట్టీ కూడా చూశాను. రాజేంద్ర, మహేంద్ర ఉన్నారు. సిద్ధేంద్ర ఒక్కడూ లేడు.

దీనికి కారణాలు నాకు తోచినవి ఇవి. ఒకటి, మన వైపు గాని డెల్టాలో గాని పిల్లలకు ఎక్కువగా తాత పేరో ఇంటి దేవుడి పేరో పెడతారు. యోగులూ గురువుల పేర్లు తక్కువ. రెండు, పలకడం కొంచెం కష్టం. మూడు, సిద్ధు అని ముద్దుగా పిలుచుకోవాలనుకునేవాళ్లు సిద్ధార్థ అని పెట్టుకుంటున్నారు. విజయవాడలో కాలేజీలకు కూడా సిద్ధార్థ పేరుంది, కాబట్టి అది అందరి నోళ్లలో నానింది.

4. మరి సుక్రు సంగతి?

మన ఏజెన్సీలో చాలా ఇళ్లల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. సోమవారం పుడితే సోములు, మంగళవారం పుడితే మంగులు, బుధవారం పుడితే బుద్రి, శుక్రవారం పుడితే సుక్రు, సుక్రి. కొందరు వీటిని వినగానే నవ్వుతారు. చిన్నబడిలో చేర్పించేటప్పుడే "ఇదేం పేరు" అని మార్చి రాసినవాళ్లు కూడా ఉన్నారు. పదో తరగతి నామినల్ రోల్స్ పంపే లోపు పేరు మార్పించుకుంటామని మనలో కొందరు అంటుంటే నేనే విన్నాను.

వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆఫ్రికాలో ఘనా అనే దేశముంది. అక్కడ అకాన్ ప్రజలు కూడా మనలాగే వారాన్ని బట్టి పేర్లు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడిని కోఫీ అంటారు. అంటే అచ్చంగా మన సుక్రు! ఐక్యరాజ్యసమితికి 1997 నుంచి 2006 వరకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న కోఫీ అన్నన్ ది ఆ దేశమే. 2001లో ఆయనకు, ఐక్యరాజ్యసమితికి కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ప్రపంచ దేశాల నాయకులందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచారు. ఎవరూ నవ్వలేదు.

అందుకని అక్కకు నేను ఇలా చెప్పాను. కూచిపూడి మీద, ఆ నాట్యం మీద ఇష్టం ఉంటే సిద్ధేంద్ర అని పెట్టండి, చాలా మంచి పేరు. సుక్రు అంటే నామోషీ అనుకుని మాత్రం పెట్టొద్దు. సిద్ధప్ప కూడా మామూలు పేరే. ఆయన రాసిన భామాకలాపం వల్లే ఇవాళ మనం ఆయన్ని తలుచుకుంటున్నాం.

5. అందరికీ పనికొచ్చే విషయం

జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పేరు అప్పటికి తేలకపోయినా ఫరవాలేదు. నమోదు చేయించాక 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు రాయించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు కొంత రుసుము కట్టి రాయించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరాలంటే జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. కాబట్టి మీ ఇళ్లల్లో చిన్నపిల్లలుంటే ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు అడిగి చూడండి. కులధ్రువీకరణ పత్రంలో ఒక పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరు ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బంది. పదో తరగతి సర్టిఫికెట్లో పడిన పేరు ఉద్యోగం దాకా మన వెంట వస్తుంది. ఏ పేరైనా అన్నిచోట్లా ఒకే రకంగా, తప్పు లేకుండా ఉండాలి.

చివరగా ఒక విన్నపం. మీ పేరుకు అర్థమేమిటో, అది ఎవరు పెట్టారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఒక కాగితం మీద రాసి నాకివ్వండి. వారం పేర్లయినా, కొండ దేవతల పేర్లయినా, తాతల పేర్లయినా సరే. అన్నీ కలిపి వచ్చే సంచికలో "మన పేర్లు" అని రాద్దాం.

— పదో తరగతి విద్యార్థి