నల్లగిన్నెలో ఇనుము

మొన్న క్లాసులో జపాన్ టీ గిన్నె ఫోటో ఒకటి చూసి, "ఇదేంటే, మాడిపోయిన చట్టిలా ఉంది!" అని నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. తర్వాత దాని గురించి చదివి, ఆ ఫోటోనే మళ్ళీ చూశాను.

ఇలాంటి గిన్నెల్ని జపాన్‌లో తెన్మొకు అంటారు. అది చైనాలోని తియన్ము కొండ పేరు. అక్కడి బౌద్ధ మఠాలకు చదువుకోడానికి వెళ్ళిన జపాన్ సన్యాసులు తిరిగొస్తూ ఈ గిన్నెలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత సెతో ఊరి కుమ్మరులు జపాన్‌లోనే వాటిని చేయడం నేర్చారు.

మరి నలుపే ఎందుకు? అప్పట్లో చైనావాళ్ళు టీ పొడిని వేడినీళ్ళలో గిలక్కొట్టి తెల్లని నురగ తేల్చేవారు. తెలుపు అందం నలుపు మీదేగా తెలిసేది! హుయిజోంగ్ చక్రవర్తి కూడా 1107 ప్రాంతంలో టీ మీద రాసిన పుస్తకంలో నల్లగిన్నెలనే మెచ్చుకున్నాడు.

గిన్నెని అంచు నుంచి చూడాలి. బూడిద, మట్టి, ఇనుము కలిసిన పూత దాదాపు 1300 డిగ్రీల వేడికి కరిగి, తేనెలా కిందికి జారుతుంది. అంచు దగ్గర పల్చబడి తుప్పురంగు తేలుతుంది. దిగేకొద్దీ మందం, నలుపు. జారిన దారుల్లో మిగిలే సన్నని గోధుమరంగు చారల్ని కుందేలు బొచ్చు అంటారు. వాటిని ఎవరూ కుంచెతో గీయలేదు. అడుగుకి కాస్త పైన పూత లావుపాటి బొట్టుగా ఆగిపోతుంది, అక్కడినుంచి ఉత్త మట్టే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బొట్టే. ఇంకాస్త జారుంటే గిన్నె బట్టీలోనే అతుక్కుపోయేది!

ఈ ఇనుము ఆట మన పక్కనా ఉంది. ఆదిచ్చనల్లూరు, కీళడి తవ్వకాల్లో దొరికిన పాతకుండలు కొన్ని లోపల నలుపు, బయట ఎరుపు. వాటికి గాజుపూత లేదు. మట్టిలోని ఇనుముకి మంటలో గాలి తగిలితే ఎరుపు. గాలందక పొగలో మగ్గితే నలుపు. కుండని బోర్లించి కాలిస్తే రెండు రంగులూ ఒకేసారి వస్తాయి. మనం మ్యూజియంలో వీటి ముందు నిమిషం కూడా నిలబడం, జపాన్ గిన్నె అంటే మాత్రం ఫోటో తీసుకుంటాం.

జపాన్‌లో టీ తాగాక అతిథి గిన్నెని తిప్పి అడుగు చూస్తాడట. మా అవ్వా అంతే. సంతలో చట్టిని వేలితో కొట్టి, మోత విని, తిరగేసి అడుగు చూసి, అప్పుడుగానీ ధర అడగదు.