పోటీ గుర్తుగా పచ్చబొట్టు: షరీఅత్ ఏమంటుంది?

నేడు మన యువకుల్లో పరుగు, సైకిల్ పోటీల పట్ల ఆసక్తి పెరిగింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నుంచి విజయవాడ రహదారి మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా తెల్లవారుజామున సాధన చేసేవారిలో మన పిల్లలూ ఉన్నారు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పూర్తి దూరం 42.195 కిలోమీటర్లు. 2019లో గోవాలో తొలిసారి జరిగిన ‘ఐరన్‌మ్యాన్ 70.3’ పోటీలోనైతే 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు ఒకదాని వెంట ఒకటి పూర్తిచేయాలి. ఇలాంటి పోటీ ముగించినవారు చాలామంది దాని చిహ్నాన్ని పిక్క మీద టాటూ వేయించుకుంటారు. ‘మేమూ వేయించుకోవచ్చా?’ అని మన యువకులు అడుగుతున్నారు.

ముందుగా ఒక విషయం గ్రహించాలి. దేహదారుఢ్యాన్ని ఇస్లాం నిరుత్సాహపరచదు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసికంటే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఒక ప్రయాణం నుంచి తిరిగి వస్తూ, ఆయన అనుమతితో మదీనా దాకా ఒక అన్సారీతో పందెం వేసి గెలిచారు. కనుక పరుగులో దోషం లేదు. ప్రశ్న దాని గుర్తు గురించే.

టాటూ అన్నది కొత్త పేరు మాత్రమే. సూదితో చర్మాన్ని పొడిచి లోపల రంగు నింపడమే అది. మన పల్లెల్లో, సంతల్లో పొడిచే పచ్చబొట్టు కూడా అదే. పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ సృష్టిని మార్చేలా మనుషులను పురికొల్పుతానని షైతాన్ చేసిన శపథాన్ని ఖుర్‌ఆన్ అన్నిసా సూరా 119వ ఆయతులో ప్రస్తావించింది. పేరు మారినంత మాత్రాన ఆదేశం మారదు. శాశ్వతమైన పచ్చబొట్టు హరామ్.

‘ఇది అలంకారం కాదు, నా కష్టానికి గుర్తు’ అని కొందరు అంటారు. సోదరులారా! శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ ఇచ్చిన అమానత్. చికిత్స కోసం దాన్ని కోయవచ్చు, జ్ఞాపకం కోసం పొడిపించకూడదు. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స)ను కాపాడుతూ హజ్రత్ తల్హా (రజి) చేయి చచ్చుబడిపోయింది. ఆ గుర్తు ఆయన కోరి పొడిపించుకున్నది కాదు. పోటీ పతకాన్ని, ధ్రువపత్రాన్ని, ఫొటోను దాచుకోండి, అభ్యంతరం లేదు. కానీ ‘వీరుడు’ అనిపించుకోవాలని పోరాడినవాడికి ప్రళయదినాన ఏ గతి పడుతుందో కూడా హదీసులో ఉందని మరువకండి.

పోటీ రోజున చేతులపై మార్కర్‌తో రాసే సంఖ్య పచ్చబొట్టు కాదు. సూది లేదు, కడిగితే పోతుంది. అతికించే స్టిక్కర్ టాటూ మాత్రం నీటిని చర్మానికి తగలనివ్వదు; వుజూకు ముందు తీసివేయాలి.

తెలియక ఇదివరకే పొడిపించుకున్నవారు నిరాశ చెందనక్కర్లేదు. మనస్ఫూర్తిగా తౌబా చేసుకోవాలి. హాని లేకుండా తొలగించుకోగలిగితే తొలగించుకోవాలి. అలా వీలుకాకపోతే తౌబా సరిపోతుంది. రంగు చర్మం లోపల ఉంటుంది కాబట్టి వుజూ, గుస్ల్, నమాజు చెల్లుతాయి. అలాంటి బిడ్డను ఎగతాళి చేసి మస్జిదుకు దూరం చేయవద్దని తల్లిదండ్రులకు మా మనవి.

పరుగెత్తేవారు మరో రెండు విషయాలు గమనించాలి. పూర్తి మారథాన్ తెల్లవారక ముందే మొదలవుతుంది. ఆగస్టులో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు ఆరు గంటలకు. అంటే ఫజ్ర్ వేళ పరుగులోనే గడిచిపోవచ్చు. ముందుగా చదువుకోవాలి, లేదా దారిలో ఆగి చదవాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే పతకం పోదు. నమాజు పోతే నష్టం పెద్దది. రెండవది, నాభి నుంచి మోకాళ్ళ దాకా కప్పి ఉంచే దుస్తులే ధరించాలి.

ప్రళయదినాన తన సముదాయంవారి ముఖాలు, చేతులు, కాళ్ళు వుజూ ప్రభావంతో మెరుస్తుంటాయని, ఆ గుర్తుతోనే వారిని పోల్చుకుంటానని దైవప్రవక్త (స) తెలిపారు. విశ్వాసి కాలికి అంతకు మించిన గుర్తు ఏం కావాలి?

అల్లాహ్ మన యువతకు ఆరోగ్యాన్ని, ధర్మంపై స్థిరత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.