వాన తప్పిన ఏడు హాజరు పట్టీ చూడండి

కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో పత్తి విత్తనం కోసం పూలను చేత్తో క్రాసింగ్ చేస్తారు. సాయంత్రం మొగ్గ విప్పాలి, మర్నాడు ఉదయం పుప్పొడి రుద్దాలి. కూలి తక్కువని ఏళ్ళ తరబడి ఆడపిల్లలనే పెట్టారు. వాతావరణం మారి వానలకు నమ్మకం లేకుండా పోయింది. 2009లో కర్నూలు కరువు చూసింది, అక్టోబరులో వరదా చూసింది. పంట పోతే అప్పు, అప్పుకు పిల్ల కూలి.

మేము మొదట వేసవిలో సర్వే చేసి, పనిచేసే పిల్లలు లేరని రాసుకున్నాము. వేసవిలో పూత ఎక్కడిది? ఇప్పుడు పంట పూతకు వచ్చాక బడి హాజరు పట్టీ చూస్తున్నాము. మూడు రోజులు రాని పిల్ల ఇంటికి వెళ్ళండి. తల్లిని మందలించవద్దు, అడ్వాన్సు ఎంత తీసుకున్నారో అడగండి. అది తేలకపోతే మన ముందు సరేనని, మర్నాడు మళ్ళీ చేనికే పంపుతారు. వలస వెళ్ళేవారి పిల్లలకు సీజనల్ హాస్టల్ గురించి బడిలో అడగండి. 14 ఏళ్ళలోపు పిల్లను ఇతరుల చేలో కూలికి పెట్టడం నేరం, 1098కి ఫోన్ చేయవచ్చు.

పురుగుమందు కొట్టిన చేనినుండి వచ్చిన పిల్లకు తలనొప్పి, వాంతులు, నోట నీరు, మసక చూపు ఉంటే బట్టలు విప్పి సబ్బుతో ఒళ్ళు కడగండి. వాంతి చేయించవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, మందు డబ్బా కూడా తేవాలి. డబ్బా మీద పేరు చూస్తేనే ఏ విషమో మాకు త్వరగా తెలుస్తుంది.