ఎలగందుల ఖిల్లా మెట్లు – ఒక పరిశీలన

మెట్ల మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చును. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు పరీక్షకు పనికొస్తాయి గాని, మెట్లు దేనికి పనికొస్తాయని అడుగవచ్చును. మొన్నటి సెలవుల్లో నస్పూర్ నుండి బయలుదేరి ఎలగందుల గుట్ట ఎక్కేదాకా మాదీ అదే అభిప్రాయం.

ఎలగందుల కరీంనగర్‌కు పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మానేరు ఒడ్డున ఉన్నది. కాకతీయుల తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఒకరి వెనుక ఒకరు ఈ ఖిల్లాను ఏలినారు. ఇక్కడి దో మినార్‌ను 1754లో జఫరుద్దౌలా కట్టించినాడు. ఒకప్పుడు జిల్లా పేరే ఎలగందుల. 1905లో జిల్లా కేంద్రంగా కరీంనగర్ స్థిరపడింది. మన ఆదిలాబాద్ పూర్తిస్థాయి జిల్లా అయినదీ ఆ ఏడే. కచేరీ పోయింది, కొలువులు పోయినాయి, వాటి వెంట జనమూ పోయినారు. గుట్ట మీది మెట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సందర్శకులు ఎక్కే దారి బాగానే ఉన్నది. మేం చూడబోయింది దాని పక్కన, ముళ్లపొదల్లో దాగిన పాత వరుసలను. అటు తిరగగానే మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన కేకేసినాడు: "అటు పోకుండ్రి బిడ్డా, కాలు జారుతది. మేకల బాటన రండ్రి." మనుషులు కట్టిన దారిని మనుషులే వదిలి, మేకలు వేసిన బాట పట్టినారన్న మాట!

మొదటి పని లెక్క. నలుగురం లెక్కబెడితే నాలుగు సంఖ్యలు వచ్చినాయి. మా గణితం అంత అధ్వాన్నమా అనుకున్నాం. తీరా చూస్తే తప్పు లెక్కది కాదు, నిర్వచనానిది. గుట్ట రాతిలోనే తొలిచిన గుంట మెట్టా కాదా? రెండు ముక్కలైన బండ ఒకటా రెండా? ముందు ఇవి తేల్చుకోకుండా లెక్కపెట్టరాదని అక్కడ తెలిసింది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న పాఠం కాదు.

రెండవది కొలత. 1675లో ఫ్రాన్సులో బ్లాందెల్ అనే వాస్తుశిల్పి ఒక సూత్రం చెప్పినాడు: మెట్టు ఎత్తును రెండింతలు చేసి, అడుగుపెట్టే జాగా వెడల్పును కలిపితే మనిషి ఒక అంగకు సమానం కావాలి. నేటి లెక్కలో అది సుమారు 60 నుండి 65 సెంటీమీటర్లు. ఎత్తు 15 అయితే వెడల్పు 30 నుండి 35 ఉండాలి. మన కాలేజీ మెట్లకు టేపు పెట్టి చూడండి. ఖిల్లాలో మాత్రం ఒకటి జానెడు, దాని పైది మోకాలెత్తు. రాయి ఉన్నచోట తొలిచి, లేనిచోట బండలు పరిస్తే అట్లాగే ఉంటుంది.

ఇక ముఖ్యమైన ప్రశ్న: మెట్లు ఎందుకు చెడిపోతాయి? నడిచి నడిచి అరిగిపోతాయని అందరం అనుకుంటాం. పాతదారుల్లో మెట్టు నడుమ పళ్లెంలా గుంటపడటం నిజమే. కాని అరిగిన మెట్టు అరిగిన మెట్టే, అది కూలదు. కూల్చేవి వేరు. ఆకులు, మట్టి సందుల్లో చేరుతాయి. పిట్టలు వేసిన మర్రి, రావి విత్తులు అందులో మొలుస్తాయి. వేరు లావెక్కి బండను జరుపుతుంది. వాననీరు ఆ సందున దూరి కింది మట్టిని కడుక్కుపోతుంది. రోజూ మనుషులు తిరిగేచోట మొలక నిలువదు, ఊడిన రాయిని ఎవరో ఒకరు సర్దుతారు. అంటే నడకే రిపేరు. మెట్లు జనం తిరిగి చెడవు, తిరగక చెడుతాయి.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఉక్కు నగరం ఉన్నది. అంతా గుట్టలే. కార్మికులు కొండమీది ఇళ్ల నుండి మిల్లులకు దిగి రావడానికి కట్టిన మెట్లదారులు నేటికీ 700 పైచిలుకు ఉన్నాయి. వాటిలో చాలా భాగం నగరం రికార్డుల్లో వీధులే. మిల్లులు మూతపడి, జనం తగ్గిన తర్వాత ఎన్నో దారులు పొదలపాలైనాయి. కచేరీ పోయిన ఎలగందులకూ, మిల్లు పోయిన పిట్స్‌బర్గ్‌కూ జబ్బు ఒక్కటే.

ఈ మాట నస్పూర్ వాళ్లకు వేరే చెప్పాలా? మా నాన్నల తరం ఇంక్లైన్లలో షిఫ్టుకు నడిచి దిగిన తరం. బొగ్గు అయిపోతే గని మూస్తారు, గని మూస్తే ఆ నడకదారీ మూతే. ఖిల్లా మెట్ల మీద నడిచిన సిపాయి పేరు ఎట్లా మనకు తెలియదో, ఇంక్లైన్ దిగిన కార్మికుని పేరు కూడా రేపు అట్లాగే తెలియకుండా పోవచ్చును.

కనుక మిత్రులకు ఒక మనవి. మీ ఊరి గుట్ట, గుడి, దిగుడుబావి – ఎక్కడ పాతమెట్లు ఉన్నా ఒక నోటుబుక్కు, ఒక టేపు తీసుకొని పోండి. వానాకాలం వద్దు, ఒంటరిగా అసలే వద్దు. ఏ రాయినీ కదిలించకండి. ఎన్ని ఉన్నాయి, ఎంత ఎత్తు, ఎక్కడ విరిగినాయి, ఎవరు తిరిగేవారు – రాసి ఉంచండి. పెద్దవాళ్లను అడగండి, వాళ్లు ఉన్నప్పుడే అడగండి. రాళ్లు ఇంకొన్నాళ్లు ఆగుతాయి గాని, వాటి మీద నడిచినవాళ్లు ఆగరు.